ప్రసంగ వేదిక మీద రాజకీయం: సంఘ కాపరికి హద్దు ఎక్కడ?

ప్రశ్న
రాసినవారు: డెల్టా సంఘ సభ్యుడు

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో మూడు తరాలుగా నడుస్తున్న ఒక ప్రొటెస్టెంట్ సంఘం. సంఘం పేరు గానీ, మా కాపరి గారి పేరు గానీ రాయడం లేదు. ఆయనను పదిమందిలో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. కాపరి గారు రాజకీయ విషయాలు మాట్లాడవచ్చునా, మాట్లాడితే ఎంతవరకు అన్న దానిపై మా సంఘ పెద్దల కమిటీ వచ్చే నెల ఒక తీర్మానం చేయవలసి ఉంది. ఆ తీర్మానం రాసే పని నాకు అప్పగించారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మొదటి సంఘటన 2023లో జరిగింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని కేంద్రాన్ని కోరుతూ ఆ ఏడాది మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. తరువాతి ఆదివారం కాపరి గారు వాక్యోపదేశంలో ఎక్కువ భాగం దాని మీదే మాట్లాడారు. ఎస్సీ హోదా ఏయే మతాలవారికి వర్తిస్తుందో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా ఏమంటున్నదో, అందులో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చి మనల్ని ఎందుకు బయట ఉంచారో వివరించారు. బాప్తిస్మం తీసుకున్నామని బయటపడి, క్రైస్తవులైన ఎస్సీలకు ఇచ్చే బీసీ-సీ పత్రం తెచ్చుకున్న కుటుంబాలూ, కాగితాల మీద హిందువులుగా ఉంటూ ఎస్సీ పత్రం కాపాడుకుంటున్న కుటుంబాలూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరినొకరు చూసుకోలేని స్థితి వచ్చిందని, ఇది అన్యాయమని, పార్లమెంటు సభ్యులకు ఉత్తరాలు రాయాలని చెప్పారు. ఏ పార్టీ పేరూ ఎత్తలేదు. అయినా మా పెద్దలలో కొందరు, ఇది రాజకీయం, గుడిలో తగదు అన్నారు.

రెండవ సంఘటన 2024లో, మే 13 పోలింగుకు ముందు ఒక ఆదివారం జరిగింది. ఆరాధన మధ్యలో ఒక అభ్యర్థి తన అనుచరులతో వచ్చారు. పాట ఆపించి ఆయనకు మైకు ఇచ్చారు. ఆయన మాట్లాడాక కాపరి గారు తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి, ఈయన దేవుడు ఏర్పరచుకున్న మనిషి, ఈయనకు అడ్డుపడేవాళ్లు ఎవరికి అడ్డుపడుతున్నారో ఆలోచించుకోవాలి అన్నారు. అవతలి పార్టీకి పనిచేసే మా సంఘస్థులు ఆ సమయంలో అక్కడే, పిల్లలను ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని ఉన్నారు. ఆ తరువాత కొన్ని కుటుంబాలు పక్క ఊరి సంఘానికి వెళ్లిపోయాయి.

మనిషి ఒకరే, వేదిక ఒకటే. మొదటిదాన్ని తప్పుపట్టిన పెద్దలే రెండవదానికి దండలు తెచ్చారు. ఈ రెండూ ఒకటి కావని నా మనసుకు తెలుస్తూనే ఉంది. కానీ తేడా ఇదీ అని కాగితం మీద పెట్టలేకపోతున్నాను. గొడవ లేకుండా రాజకీయం మొత్తాన్నీ నిషేధించమని కొందరు ఒత్తిడి చేస్తున్నారు. అది సరైనదేనా? ఇతర మతాల వారి అనుభవం కూడా తెలుసుకోవాలని ఉంది.

సమాధానం
రాసినవారు: విశ్రాంత న్యాయవాది, రాజమహేంద్రవరం

ముందుగా చట్టం ఏమంటుందో చెబుతాను. మీరు చెప్పిన రెండు సంఘటనలను చట్టం ఒకే గాటన కట్టదు.

మీ ప్రశ్నకు దాదాపు అతికినట్టు సరిపోయే తీర్పు 1959లోనే వచ్చింది. రామ్ దయాళ్, సంత్ లాల్ కేసు అది. 1957 ఎన్నికలలో అప్పటి పంజాబులోని సిర్సా శాసనసభ స్థానంలో ఒక అభ్యర్థికి ఓటు వేయాలని నామ్‌ధారీ సిక్కుల గురువు తన అనుయాయులకు హుకుం జారీ చేశారు. ఆ ఎన్నిక రద్దు కావడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే అదే తీర్పులో, మతగురువుకు అభ్యర్థుల యోగ్యతలను పోల్చి తన అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పే హక్కు, తనకు నచ్చినవారి కోసం ప్రచారం చేసే హక్కు కూడా ఉన్నాయని స్పష్టంగా చెప్పింది. తన మాట కాదంటే దైవం ఆగ్రహిస్తుందని, లేదా మతపరంగా శిక్ష తప్పదని అనుయాయి నమ్మేలా చేసి, ఎంచుకునే స్వేచ్ఛ అతనికి మిగలకుండా చేయడమే నేరమని వివరించింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 123వ సెక్షన్ రెండవ ఉపవిభాగం చెప్పేదీ ఇదే. అడ్డుపడేవాళ్లు ఎవరికి అడ్డుపడుతున్నారో ఆలోచించుకోవాలన్న మీ కాపరి గారి మాట ఈ గీత మీద కాదు, గీత దాటి అవతల నిలబడి ఉందని నా అభిప్రాయం. అభ్యర్థి పక్కనే ఉండి మౌనంగా దీవెన తీసుకున్నారు కనుక ఆయన సమ్మతి లేదనడమూ కష్టమే. ఫలితం వెలువడిన 45 రోజులలోపు ఎన్నికల పిటిషను వేయాలి కాబట్టి ఇప్పుడు ఆ ఎన్నిక గురించి చేయగలిగింది ఏమీ లేదు. కానీ మీ తీర్మానానికి ఆ సూత్రం పనికివస్తుంది.

దీనికి తోడు అదే సెక్షన్ మూడవ ఉపవిభాగం మతం పేరిట ఓటు అడగడాన్ని అవినీతికరమైన చర్య అంటుంది. 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, 4-3 ఆధిక్యంతో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరిట అడిగినా తప్పేనని తేల్చింది. దేవాలయాలు, మసీదులు, చర్చిలను ఎన్నికల ప్రచార వేదికలుగా వాడరాదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా చెబుతుంది.

ఇక అంతగా ఎవరూ పట్టించుకోని చట్టం ఒకటుంది. మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం, 1988. ప్రార్థనా స్థలాన్ని రాజకీయ కార్యకలాపానికి వాడినా, వాడనిచ్చినా నిర్వాహకులకు ఐదేళ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. చిక్కేమిటంటే, ఈ చట్టంలో రాజకీయ కార్యకలాపం అన్నమాటకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. పార్టీ ప్రచారమే కాక, రాజకీయ స్వభావం గల ఏ సమస్య మీదనైనా సభలు పెట్టడం, ఆదేశాలు ఇవ్వడం కూడా అందులోకి వస్తాయి. అక్షరాలా చదివితే మీ మొదటి ఆదివారం మీద కూడా ఎవరైనా వేలెత్తి చూపవచ్చు. నా వృత్తి కాలమంతటిలో ఈ చట్టం కింద ఒక్క కేసు కూడా నా చేతికి రాలేదు, అది వేరే విషయం. గుడి ఆవరణ వేరు, గుడి బయట కాపరి గారు పౌరుడిగా చెప్పుకునే మాట వేరు అన్న తేడాను మీ తీర్మానంలో స్పష్టంగా పెట్టమని నా సలహా.

సమాధానం
రాసినవారు: అర్చక కుటుంబీకుడు, వరంగల్

మా నాన్నగారు దేవాదాయ శాఖ ఆధ్వర్యంలోని ఒక ఆలయంలో అర్చకత్వం చేసి విరమించారు. ఇప్పుడు అన్నయ్య చేస్తున్నారు. కాబట్టి ఇది మా ఇంటి విషయం కూడా.

మా నాన్నగారు పెట్టుకున్న నియమం ఒక్కటే. గర్భాలయం ముందు నిలబడ్డవారి కండువా రంగు అర్చకునికి కనపడకూడదు. శఠారి పెట్టేటప్పుడు ఎవరి తల అని చూడరు, తీర్థం ఇచ్చేటప్పుడు ఎవరి చెయ్యి అని చూడరు. ఎన్నికల రోజులలో నామినేషను పత్రాలు తెచ్చి స్వామి పాదాల దగ్గర పెట్టమని అడిగేవారు. ముగ్గురు అభ్యర్థులు మూడు పార్టీల నుంచి వచ్చినా ముగ్గురి పత్రాలూ పెట్టి, ముగ్గురికీ ఒకే సంకల్పం చెప్పి, ఒకే ఆశీర్వచనం చేసి పంపేవారు. విజయోస్తు అనేవారు కాదు, క్షేమంగా ఉండండి అనేవారు. మీ కాపరి గారు ఆ అభ్యర్థి తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేయడంలో నాకు తప్పు కనిపించలేదు. మిగిలిన తలల మీద ఆ చెయ్యి పడకపోవడం దగ్గర, దీవెన తరువాత వచ్చిన ఆ మాట దగ్గర తప్పు జరిగింది.

న్యాయవాది గారు చెప్పనిది ఒకటుంది. మాట్లాడే మనిషి జీతం ఎవరిస్తున్నారు? మా ఇళ్లలో రాజకీయం మాట్లాడకపోవడానికి ధర్మచింతన ఒక్కటే కారణమని చెబితే అది నిజం కాదు. ఆలయ ఉద్యోగి బదిలీ, పదోన్నతి, బకాయిలు అన్నీ కార్యాలయం చేతిలో ఉంటాయి. చిన్న గుళ్లలో ధూప దీప నైవేద్యం పథకం కింద వచ్చే పదివేల మీద ఇల్లు గడిచే అర్చకులు ఎందరో ఉన్నారు. వారిలో ఎవరైనా ప్రభుత్వ నిర్ణయం తప్పని బహిరంగంగా అనగలరా? ఆంధ్రలో గత ప్రభుత్వ హయాంలో ఇమాముల గౌరవ వేతనం నెలకు 10,000కు, అజాన్ ఇచ్చే మౌజన్లది 5,000కు పెరిగింది, పాస్టర్లకు 5,000 కొత్తగా మొదలైంది. పేదరికంలో ఉన్న మతసేవకులకు అది అవసరమే, నేను కాదనను. కానీ డబ్బు వచ్చే దిక్కుకు ఎదురుగా గొంతు లేవదు.

అలాగని మేమంతా నోరు కట్టుకున్నవాళ్లమే అనుకోకండి. చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు రంగరాజన్ గారు 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ణి తన భుజాల మీద మోసుకుని వెళ్లారు. అంటరానివాడిగా దూరం పెట్టిన తిరుప్పాణాళ్వారును శ్రీరంగం అర్చకుడు లోకసారంగ ముని భుజాల మీద మోసిన కథను ఈ కాలంలో చేసి చూపించారు. మన దేశంలో కులం కంటే పెద్ద రాజకీయ విషయం ఏముంది? ఆయన ఏ పార్టీ పేరూ ఎత్తలేదు, ఎవరికీ ఓటు వేయమనలేదు. ఆయన సేవ చేసే చిలుకూరులో హుండీ కూడా లేదు. ఆ రెండు విషయాలనూ కలిపి చూడమని మనవి.

సమాధానం
రాసినవారు: చరిత్ర అధ్యాపకురాలు, ఖమ్మం

న్యాయవాది గారు వేదికను బట్టి గీత గీశారు, అర్చక కుటుంబీకులు జీతాన్ని బట్టి గీశారు. రెండింటిలోనూ సత్యం ఉంది. కానీ రెండూ మౌనం వైపే కొంచెం ఒరిగాయని నాకు అనిపిస్తున్నది. మతగురువు మాట్లాడితేనే రాజకీయం, మౌనంగా ఉంటే కాదు అన్న భావన మన చరిత్రకు సరిపడదు.

మీ సంఘానికి దగ్గరి ఉదాహరణతో మొదలుపెడతాను. మా జిల్లాకు పక్కనే ఉన్న డోర్నకల్‌లో బిషప్ వి. ఎస్. అజరయ్య గారు ఉండేవారు. 1912లో కలకత్తాలో అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన విశ్వాసులలో అత్యధికులు మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చిన పేదలు. 1930ల ఆరంభంలో మతాలవారీగా ప్రత్యేక నియోజకవర్గాలు (ఒక మతంవారు తమ ప్రతినిధులను తామే విడిగా ఎన్నుకునే పద్ధతి) ఇవ్వాలా వద్దా అన్న చర్చ దేశాన్ని ఊపేస్తున్నప్పుడు, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని ఆయన బహిరంగంగా వాదించారు. అవి వస్తే తన సమాజానికి చట్టసభలో ఖాయంగా కొన్ని స్థానాలు దక్కుతాయి, తన పలుకుబడి పెరుగుతుంది. అయినా, సంఘం అనేది విశ్వాసుల సమూహంగా ఉండవలసిందే తప్ప సీట్ల కోసం బేరమాడే ఒక వర్గంగా మారకూడదన్నది ఆయన వాదన. ఇది నూటికి నూరుపాళ్లు రాజకీయ అభిప్రాయమే. ఒక బిషప్ దాన్ని చెప్పకుండా ఉండి ఉంటే ఆ రోజు చర్చలో ఒక విలువైన గొంతు తగ్గేది. తన సొంత సమాజానికి లాభమనిపించే దానికి ఎదురు నిలిచారన్న సంగతిని దయచేసి గమనించండి.

రెండవ ఉదాహరణ స్వామి రామానంద తీర్థ. కాషాయం కట్టిన సన్న్యాసి. మోమినాబాదులో బడి నడుపుకుంటూ ఉన్నవారు 1938లో నిజాం ప్రభుత్వానికి వ్యతిరేకంగా సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్లారు. హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్‌ను నడిపించారు. 1947లో మళ్లీ అరెస్టయి, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిశాకే విడుదలయ్యారు. తరువాత రెండుసార్లు లోక్‌సభకు కూడా ఎన్నికయ్యారు. సన్న్యాసికి రాజ్యంతో పనేమిటి అని ఆనాడు అడిగినవారు లేకపోలేదు. కానీ ఆయన పీఠం మీద కూర్చుని శిష్యులకు ఆజ్ఞ ఇవ్వలేదు. పార్టీ సభలలో నిలబడి, తనను ఖండించడానికి పూర్తి హక్కు ఉన్న సహచరుల మధ్య మాట్లాడారు. ఆ సహచరులలో కొందరు ఆయనను తీవ్రంగా ఖండించారు కూడా. అభిప్రాయభేదాల వల్ల స్టేట్ కాంగ్రెస్ వర్గాలుగా చీలినప్పుడు ఆయన కాషాయం ఆయనను ఏ విమర్శ నుంచీ కాపాడలేదు. కాపాడకూడదు కూడా.

మూడవది మన దేశానిది కాదు. కానీ ఇది లేకుండా ఈ చర్చ పూర్తి కాదని నా నమ్మకం. మధ్య అమెరికా దేశమైన ఎల్ సాల్వడార్‌లో 1977 ఫిబ్రవరిలో అగ్రపీఠాధిపతి అయిన ఆస్కార్ రొమేరో ఆ వారంలో ఎవరు హతమయ్యారో, ఎవరు మాయమయ్యారో ఆదివారం పూజలో పేర్లతో సహా చదివేవారు. రేడియోలో దేశమంతా వినేది. 1980 మార్చి 23న సైనికులను ఉద్దేశించి, ఈ అణచివేతను ఆపమని దేవుని పేరిట ఆజ్ఞాపించారు. మరునాడు ఒక ఆసుపత్రి ప్రార్థనాలయంలో పూజ చేస్తుండగా ఆయనను కాల్చి చంపారు. 2018లో కథోలిక సంఘం ఆయనను పునీతునిగా ప్రకటించింది. న్యాయవాది గారి సూత్రాన్ని అక్షరాలా పట్టుకుంటే రొమేరో కూడా వేదిక నుంచి, దేవుని పేరిట, ఆజ్ఞే ఇచ్చారు. అది తప్పని మనం అనగలమా? ఆయన ఆజ్ఞ తుపాకి పట్టుకున్నవారికి, చంపవద్దని. ఓటు పట్టుకున్న పేదవాడికి, ఫలానావారికి వేయమని కాదు. బలవంతుడి చేతిని ఆపే మాటనూ, బలహీనుడి చేతిని నడిపించే మాటనూ ఒకే కొలతతో కొలవకండి.

నేను కథోలికను కనుక మా ధర్మశాస్త్రం సంగతి కూడా చెబుతాను. 1983 నాటి మా సంఘ ధర్మశాస్త్రం గురువులను ప్రభుత్వ పదవులు చేపట్టకుండా నిషేధిస్తుంది. పార్టీలలో క్రియాశీలంగా పాల్గొనడాన్నీ సాధారణంగా అనుమతించదు. ప్రజాసమస్యల మీద మాట్లాడటాన్ని మాత్రం నిషేధించలేదు.

మీ కాపరి గారి మొదటి ప్రసంగం తన ముందు కూర్చున్న మనుషుల బతుకు గురించి. బడిలో చేరేటప్పుడు పిల్లవాడి పేరు ఏం రాయించాలో తెలియక తల్లి పడే బాధను కాపరి వాక్యంలో ఎత్తకపోతే ఇంకెవరు ఎత్తుతారు? ఆమోసు గ్రంథం ఏడవ అధ్యాయం చదవండి. బేతేలు రాజు గారి పరిశుద్ధ స్థలం, ఇక్కడ ప్రవచించవద్దు, వేరే చోటికి పో అని ఆమోసుతో అన్నది రాజుకాదు, అక్కడి యాజకుడు అమజ్యా. మతస్థానంలో రాజకీయం తగదన్న మాటను ఆనాడు కూడా ఎవరి ప్రయోజనం కోసం అన్నారో చూడండి.

సమాధానం
రాసినవారు: గుంటూరు నమాజీ

అధ్యాపకురాలు గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ ఆమె రాసినదాంట్లో ఒక విషయానికి దక్కవలసినంత చోటు దక్కలేదు. అది వినేవాడి స్థితి.

మాకు శుక్రవారపు జుమ్మా నమాజుకు ముందు ఖుత్బా, అంటే ధర్మప్రసంగం, ఉంటుంది. ఇమాము సాహెబ్ మింబరు (ప్రసంగ పీఠం) మీద నిలబడి ఖుత్బా చెబుతున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. పక్కవాడు మాట్లాడుతుంటే నోరు మూసుకో అని చెప్పడం కూడా తప్పే. అది ఆరాధనలో భాగం కనుక లేచి వెళ్లిపోవడానికీ వీలు లేదు. అంటే అక్కడ కూర్చున్న వందలమందికి ఆ సమయంలో కాదు అనే అవకాశం లేదు. అలాంటి చోట ఇమాము ఒక పార్టీని సమర్థించినా, ఒక పార్టీని తిట్టినా, మా గొంతులు మూసి తాను మాట్లాడినట్టే అవుతుంది. మా మసీదు కమిటీ ఈ విషయమై చాలా కాలం క్రితమే ఒక పద్ధతి పెట్టుకుంది. ఖుత్బాలో ఖురాను, హదీసు, నడవడి మాత్రమే. ఊరి సమస్య అయినా, వక్ఫ్ చట్టం అయినా, ఓటరు జాబితాలో పేర్ల సంగతి అయినా, నమాజు ముగిసి సలాం తిప్పాక, వెళ్లేవారు వెళ్లిపోయాక, కూర్చున్నవారితో హజరత్, అంటే ఇమాము గారు, మాట్లాడతారు. అక్కడ ఎవరైనా లేచి, హజరత్, మీరు చెప్పినదానితో నేను ఏకీభవించను అనవచ్చు. అన్నవారూ ఉన్నారు.

మా చరిత్రలోనూ మౌల్వీలు రాజ్యాన్ని ఎదిరించినవారే. 1857 జులై 17, శుక్రవారం నాడు మౌల్వీ అలావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ హైదరాబాదు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపించారు. మౌల్వీ సాహెబ్‌ను అండమాన్‌కు పంపారు, అక్కడే మరణించారు. ఆయనకు దానివల్ల ఒరిగింది ఏమీ లేదు. ఎన్నికల ముందు ఫలానా పార్టీకే వేయండి అని ప్రకటనలు ఇచ్చే కొందరు పెద్దలను చూసినప్పుడు నాకు ఆయనే గుర్తుకు వస్తారు. ఆ ప్రకటనలవల్ల మా బస్తీకి వచ్చిన నీళ్ల ట్యాంకరు ఒక్కటి కూడా నాకు తెలియదు. పైగా, ముస్లింలంతా గురువు చెప్పినట్టు గుంపుగా ఓటు వేస్తారన్న నింద మాత్రం మా అందరి మీదా పడుతుంది. మా ఇంట్లోనే నేను, మా తమ్ముడు, మా అమ్మీ మూడు వేర్వేరు గుర్తులకు వేసినవాళ్లం.

డెల్టా సోదరుడి సంఘంలో ఆ ఆదివారం తల వంచుకుని కూర్చున్నవారి సంగతి నన్ను బాధించింది. ఆరాధన మధ్యలో లేచి కాదనలేరు, పిల్లల చెయ్యి పట్టుకుని బయటికి నడవలేరు. మీ తీర్మానం కాపరి గారి నాలుకను మాత్రమే కాదు, వారి స్థితిని కూడా దృష్టిలో ఉంచుకోవాలి.

అడిగినవారి స్పందన
రాసినవారు: డెల్టా సంఘ సభ్యుడు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు రాసినవి రెండుసార్లు చదివి ఒక ముసాయిదా తయారుచేశాను. తప్పులుంటే దిద్దండి.

"కాపరి తన ముందున్న విశ్వాసుల జీవితాలను తాకే న్యాయాన్యాయాల గురించి, చట్టాల గురించి, వాక్య వెలుగులో వేదిక మీద నుంచి మాట్లాడవచ్చును. ఏ పార్టీకి గానీ అభ్యర్థికి గానీ ఓటు వేయమని, వేయవద్దని వేదిక మీద నుంచి చెప్పరాదు. ఎన్నికను దేవుని చిత్తంతోనో, దేవుని ఆగ్రహంతోనో ముడిపెట్టరాదు. ఆరాధన సమయంలో ఏ అభ్యర్థికీ మైకు ఇవ్వరాదు. ప్రార్థన కోరి వచ్చిన అభ్యర్థులందరి కోసం, పేర్లు ఎత్తకుండా, సంఘమంతా కలిసి ప్రార్థించవచ్చును. ప్రజాసమస్య మీద కాపరి మాట్లాడిన ఆదివారం ఆరాధన ముగిశాక చర్చకు సమయం కేటాయించాలి. అందులో స్త్రీలతో సహా ఏ సభ్యుడైనా అభ్యంతరం చెప్పవచ్చును."

సమాధానం
రాసినవారు: విశ్రాంత న్యాయవాది, రాజమహేంద్రవరం

బాగుంది. రెండు సవరణలు. వేదిక మీద నుంచి అన్నచోట, ఆరాధనలోనూ, సంఘ ఆవరణలోనూ, సంఘం పేరిట నడిచే వాట్సాప్ బృందంలోనూ అని రాయండి. ఈ రోజులలో ఆదివారం ప్రసంగం కంటే శనివారం రాత్రి వచ్చే సందేశమే ఎక్కువమందికి చేరుతుంది. రెండవది, సంఘం బయట పౌరుడిగా కాపరి చెప్పుకునే అభిప్రాయానికి ఈ తీర్మానం అడ్డు కాదని ఒక వాక్యం తప్పక చేర్చండి. ఆ హక్కు ఆయనకు రాజ్యాంగం ఇచ్చినది, 1959 తీర్పు కూడా దాన్ని గుర్తించింది. కమిటీ దాన్ని లాక్కోలేదు. రొమేరో విషయంలో అధ్యాపకురాలు గారి అభ్యంతరాన్ని అంగీకరిస్తున్నాను. ఎన్నికల చట్టం ఓటు గురించినదే తప్ప ప్రవక్తల నోటి గురించినది కాదు.

సమాధానం
రాసినవారు: చరిత్ర అధ్యాపకురాలు, ఖమ్మం

మీ ముసాయిదా కాపరిని మాత్రమే కట్టిపడేస్తున్నది. మొదటి ప్రసంగాన్ని తప్పుపట్టి రెండవదానికి దండలు తెచ్చిన పెద్దల మాట ఏమిటి? ఆ అభ్యర్థి ఆరాధన మధ్యలోకి తనంతట తాను నడిచి రాలేదు కదా, ఎవరో పిలిస్తేనే వచ్చి ఉంటారు. సంఘ పెద్దగా ఉన్నవారు పార్టీ బూత్ ఏజెంటుగా కూర్చోవడం పౌరుడిగా వారి హక్కే. కానీ అలా కూర్చునేవారు ఎన్నికల కాలంలో కమిటీ బాధ్యతల నుంచి పక్కకు తప్పుకోవాలని రాయండి. కాపరి జీతం, నివాసం, బదిలీ సిఫారసు మీ కమిటీ చేతిలోనే ఉంటాయి. ఆయన ఆ ఆదివారం అన్న మాటలు ఎంతవరకు ఆయనవో, ఎంతవరకు ఆయన చేత అనిపించినవో మీరు విచారించారా? అర్చక కుటుంబీకులు జీతం గురించి రాసినది మీ సంఘానికి కూడా వర్తిస్తుంది.

ఇంకొక వాక్యం చేర్చండి. ఎన్నికల ప్రకటన వెలువడిన రోజు నుంచి ఫలితాల రోజు వరకు ఏ అభ్యర్థి నుంచి గానీ, అతని తరఫువారి నుంచి గానీ సంఘం కానుకలు, సామాను, నిర్మాణ ఖర్చు స్వీకరించరాదు. అంతకుముందు వచ్చినవాటి లెక్క సంఘస్థుల ముందు చదవాలి.

అడిగినవారి స్పందన
రాసినవారు: డెల్టా సంఘ సభ్యుడు

మీరు చెప్పిన సవరణలన్నీ చేర్చాను. మా గుడి ప్రహరీ గోడ 2024 ఏప్రిల్‌లో కట్టారు. ఆ ఖర్చు ఎవరు పెట్టారో కమిటీ పుస్తకంలో లేదు. తీర్మానం ప్రవేశపెట్టే ముందు ఆ లెక్క చదవమని అడుగుతాను, కాపరి గారికి మాట్లాడే అవకాశం కూడా ఆ తరువాతే ఇవ్వమని కోరతాను.